పంపింగ్ సరే... నిండుతోందా?

గుండె డాక్టరు గదిలోంచి బయటికొచ్చిన ఎవరినైనా కదిపి చూడండి. ‘పంపింగ్ అరవై ఉందట’ అనో, ‘ముప్ఫైకి పడిపోయిందట’ అనో చెబుతారు. పంపడానికి ముందు గుండె నిండాలి కదా! ఆ నిండడంలోనే తేడా వస్తే పంపింగ్ అంకె ఆ సంగతి చెప్పదు. అయస్కాంతపు సొరంగంలో పడుకోబెట్టి గుండె నిండే తీరును చూసే పరీక్ష గురించి, తిరుపతి-చిత్తూరు దారుల వెంట ఈ వారం కథనం.

అలిపిరి నుంచి కొండకు 3,550 మెట్లు. మా పెద్దమ్మ లెక్కలో మాత్రం అవి మూడు రకాలే. గాలిగోపురం దాకా ఒళ్లు వంచే మెట్లు, ఆ తర్వాత కబుర్ల మెట్లు, చివర్న మోకాళ్ల మెట్లు. పాకాల పక్క పల్లెలో కాపురానికి వచ్చినప్పటి నుంచి ఏటా పెరటాసి నెలలో ఒక శనివారం ఆమె నడిచే కొండెక్కింది. ఇద్దరు పిల్లల్ని చంకనేసుకుని ఎక్కింది, మోకాళ్ల నొప్పులతో ఎక్కింది, గొడుగు లేకుండా వానలో ఎక్కింది. అరవై నాలుగో ఏట గాలిగోపురం చేరకముందే ఒక మెట్టు మీద కూలబడింది. దమ్ము పట్టుకుంది. పక్కన పోతున్న ఎవరో మంచినీళ్ల సీసా ఇచ్చారట. నీళ్లు తాగడానికి కూడా ఊపిరి చాల్లేదట.

కిందికి తీసుకొచ్చాక మామూలు తతంగమంతా నడిచింది. ఈసీజీ, రక్త పరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే, టూడీ ఎకో. ఎకో కాగితం మీద పంపింగ్ 62 శాతం. ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం, ఆమె తప్ప.

“గుండె బాగుండాదంటారు, రకతం బాగుండాదంటారు. అన్నీ బాగుంటే దమ్ము ఎందుకు పడతాదిరా నాయినా?”

ఇంతకంటే సూటిగా ఈ ప్రశ్న వేసినవాళ్లను నేను చూళ్లేదు. గుండె వైద్యం కూడా చాలా ఏళ్లు ఈ ప్రశ్న దగ్గర తచ్చాడింది. గుండె బలహీనమైతే అది పిండలేకపోవడం వల్లనే అనుకున్నారు. గుండె వైఫల్యంతో ఆయాసపడేవాళ్లలో దాదాపు సగం మందికి పంపింగ్ అంకె బాగానే ఉంటుందని తర్వాత తేలింది. వాళ్ల గుండె పిండగలదు. సడలి, చోటిచ్చి, నిండడం దగ్గరే దానికి కష్టం.

బాన మునిగితేనే నీళ్లు

నా చిన్నతనంలో మా తాత కపిల తోలేవాడు. ఇప్పటి పిల్లలకు కపిలంటే చూపించడానికి ఏమీ మిగల్లేదు. కరెంటు మోటార్లు వచ్చి వాటిని మింగేశాయి. బావి గట్టు మీద గిలక, దాని మీదుగా మోకు, మోకు చివర బాన, బానకు తోలు తొండం. ఎద్దులు వాలులో ముందుకు దిగితే బాన పైకొచ్చి తొట్టిలో నీళ్లు పోస్తుంది. చూసేవాళ్ల కళ్లన్నీ దాని మీదే. కపిల పదాలు గొంతెత్తి పాడేదీ అప్పుడే.

కానీ తాత కష్టమంతా రెండో సగంలో ఉండేది. ఎద్దులు వెనక్కి నడవాలి. ముందుకు లాగమంటే ఏ ఎద్దైనా లాగుతుంది, వెనక్కి నడిపించడమే విద్య. అవి నిదానంగా వెనక్కొస్తే బాన జారి నీళ్లకు తగులుతుంది. అక్కడితో అయిపోదు. తాత మోకును ఒక ఊపు ఊపితే బాన పక్కకు వాలి బుడుంగున మునిగేది. ఎండి బిగుసుకున్న తోలైతే తెరుచుకోదు, సగం నీళ్లతోనే పైకొస్తుంది. ఎద్దులు అదే దూరం నడుస్తాయి, గిలక అట్లాగే కిర్రుమంటుంది, తొట్టిలో మాత్రం నీళ్లు తక్కువ.

గుండెలో ఎడమ జఠరిక కూడా ఇట్లాంటి బానే. మామూలు మనిషిలో అది నిండినప్పుడు సుమారు 120 మిల్లీలీటర్ల రక్తం పడుతుంది. ఒక దెబ్బకు అందులోంచి 70 దాకా బయటికి పోతుంది. నిండినదాంట్లో పోయింది ఎంత శాతమో అదే మనమనే పంపింగ్. దీంట్లో కిటుకు చూడండి. 120 నింపుకుని 72 పంపిన గుండెకూ 60 శాతమే. 80 మాత్రమే నింపుకుని 48 పంపిన గుండెకూ 60 శాతమే. కాగితం మీద ఇద్దరూ ఒకటే. మెట్ల మీద ఇద్దరూ ఒకటి కాదు.

ఇంకో రకం కూడా ఉంది, ఎక్కువగా కనబడేది అదే. జఠరిక గోడలు మందమై బిగిసినా గుండె ఎట్లాగో నిండుతుంది, అయితే బలవంతంగా. వెనక నుంచి ఒత్తిడి పెరిగితే తప్ప రక్తం లోపలికి పోదు. కాలువ పూడితే వెనక పొలం ఊటెక్కినట్టు ఆ ఒత్తిడి వెనక గదైన కర్ణికలోకి, అక్కడి నుంచి ఊపిరితిత్తుల్లోకి తన్నుతుంది. ఆయాసం పుట్టేది అక్కడ. పడుకుంటే ఎక్కువవడం, అర్ధరాత్రి లేచి కూర్చోవాల్సి రావడం, కాళ్లు ఉబ్బడం దాని వెంట వస్తాయి.

కూర్చున్నప్పుడు కనిపించనిది మెట్లెక్కితే ఎందుకు బయటపడుతుందంటారా? నిమిషానికి 72 సార్లు కొట్టుకునే గుండెకు ఒక్కో దెబ్బకు దొరికేది 0.83 సెకన్లు. అందులో పిండడానికి 0.3 పోతే నిండడానికి అర సెకను మిగులుతుంది. నాడి 120కి చేరితే మొత్తం దొరికేదే అర సెకను. పిండే సమయం కాస్తే తగ్గుతుంది, కోతంతా నిండే సమయం మీదే పడుతుంది. ఆరోగ్యంగా ఉన్న గుండె చటుక్కున సడలి రక్తాన్ని లోపలికి పీల్చుకుని ఆ లోటు పూడ్చుకుంటుంది. బిగిసిన గుండెకు ఆ ఒడుపు లేదు. పైగా గుండె కండరానికి సొంతానికి కావలసిన రక్తం కూడా ముఖ్యంగా ఈ సడలే వేళలోనే అందుతుంది. అరవై దాటినవాళ్లు, గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు నడిచి రావడం మంచిది కాదని దేవస్థానం వాళ్లు చెప్పే మాట వెనక ఇంత సంగతి ఉంది. మా పెద్దమ్మకు ఆ మాట చెబితే ‘సామికి లేని పట్టింపు వీళ్లకెందుకు’ అంది.

సడలడానికీ కూలి ఇవ్వాలి

బిగించడానికి శక్తి కావాలి, వదిలేయడానికి ఏం కావాలి అనుకుంటాం. చెయ్యి పట్టు వదిలినట్టే కదా అని. కండరం విషయంలో అది తప్పు. కండర కణంలోకి కాల్షియం చేరితే అది బిగుస్తుంది. సడలాలంటే ఆ కాల్షియాన్ని తోడి తిరిగి దాని గదిలోకి పంపాలి. తోడే పంపు ఊరికే తిరగదు. రెండు కాల్షియం అయాన్లు లోపలికి పోవాలంటే శక్తినిచ్చే ఏటీపీ అణువు ఒకటి ఖర్చు. ఏటీపీ అయిపోతే కండరం సడలదు, బిగిసిపోతుంది. చనిపోయిన మనిషి శరీరం కొన్ని గంటల్లో కట్టెబారడానికి కారణం అదే.

ఈ ఏటీపీ కథలో మనవాడు ఒకడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1920లలో అమెరికా హార్వర్డ్‌లో చేరిన యల్లాప్రగడ సుబ్బారావు. సైరస్ ఫిస్కేతో కలిసి ముందు రక్తంలో, కండరంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో అందించాడు. ఇప్పటికీ ప్రయోగశాలల్లో దాన్ని వాళ్లిద్దరి పేరుతోనే పిలుస్తారు. ఆ పద్ధతితో కండరాన్ని శోధిస్తుంటే 1927లో ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది, 1929లో ఏటీపీ. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనిపెట్టాడు. ఫాస్ఫోక్రియాటిన్ అంటే ఇంట్లో గాదె, ఏటీపీ అంటే చేతిలో రొక్కం. రొక్కం అయిపోతున్నప్పుడల్లా గాదెలోంచి తీసి భర్తీ చేస్తుంటారు.

ఈ గాదెకూ రొక్కానికీ ఉన్న నిష్పత్తిని బతికున్న మనిషి గుండెలో, కత్తి పెట్టకుండా కొలవగలిగేది అయస్కాంత యంత్రమే. మామూలు ఎంఆర్‌ఐ మన ఒంట్లోని నీటిలో ఉండే హైడ్రోజన్ మాటలు వింటుంది. శ్రుతి మార్చి పెడితే భాస్వరం మాటలూ వింటుంది. ఆరోగ్యమైన గుండెలో ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీకి దాదాపు రెండింతలు ఉంటుంది. షుగరు జబ్బుతోనో, బిగుసుకుపోయో ఉన్న గుండెలో ఆ నిష్పత్తి పడిపోతుంది. ఇది ఇంకా పరిశోధనశాలల్లోనే ఉంది, మన ఊరి ఆసుపత్రి చీటీ మీదికి రాలేదు. అయినా భీమవరం కుర్రాడు కుండలో కాచి, వడపోసి పట్టుకున్న రెండు పదార్థాలను వందేళ్లకు యంత్రం గుండె కొట్టుకుంటుండగానే లెక్కపెడుతోందంటే ముచ్చటేస్తుంది. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, న్యూయార్క్‌లో నిద్రలోనే ఆయన గుండె ఆగింది.

గాదంకి రాడారు, ఎకో గది

ఎంఆర్‌ఐకి ముందు ఎకో సంగతి చెప్పుకోవాలి. నిండే తీరు గురించి మొదట చెప్పేది, చౌకగా చెప్పేది, చాలామందికి సరిపోయేది అదే. తిరుపతి నుంచి చిత్తూరుకు పోయే దారిలో గాదంకి దగ్గర ఆకాశానికి చెవులు పెట్టినట్టు 1,024 యాంటెన్నాలు పరిచి ఉన్నాయి. అది ఎంఎస్‌టీ రాడారు. 53 మెగాహెర్ట్‌జ్ తరంగాలను పైకి పంపి, తిరిగొచ్చిన తరంగం శ్రుతి ఎంత మారిందో చూసి, కిలోమీటర్ల ఎత్తున గాలి ఎటు, ఎంత వేగంతో వీస్తోందో చెబుతుంది. డాప్లర్ సూత్రం. ఎకో గదిలో రొమ్ము మీద జెల్లు పూసి పెట్టే పుల్ల చేసేదీ అదే పని. అక్కడ రేడియో తరంగం, ఇక్కడ మన చెవికి వినపడని శబ్దం. అక్కడ గాలి, ఇక్కడ రక్తం.

గుండె నిండేటప్పుడు కర్ణికకూ జఠరికకూ నడుమ ఉన్న మిట్రల్ కవాటం దగ్గర రక్తం రెండు విడతలుగా దూకుతుంది. జఠరిక సడలగానే పీల్చుకునే పెద్ద అల ఒకటి. చివర్లో కర్ణిక పిండి తోసే చిన్న అల ఇంకొకటి. తాత మోకును ఊపినట్టన్నమాట. వీటికి ఇంగ్లీషులో పెట్టిన అక్షరాలు ‘ఈ’, ‘ఏ’. ‘ఈ అల పెద్దదా, ఏ అల పెద్దదా’ అని తెలుగులో అడిగితే డాక్టరుకే అయోమయం. వయసులో ఉన్నవాళ్లకు మొదటి అల పెద్దది. వయసు మళ్లేకొద్దీ పీల్చే జోరు తగ్గి రెండోది పెద్దదవుతుంది. ఎకో కాగితం మీద ‘గ్రేడ్ 1 డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్’ అని రాసేది ఎక్కువగా దీన్నే. అరవై దాటినవాళ్ల కాగితాల్లో ఈ ముక్క తరచూ కనిపిస్తుంది. దాన్ని చూసి కొందరు రాత్రంతా నిద్రపోరు, కొందరు అసలు చదవరు. ఆయాసం లేకుండా ఆ ఒక్క మాటే ఉంటే బెంబేలు పడక్కర్లేదు. బీపీ, షుగరు, బరువు చూసుకొమ్మని చేసే హెచ్చరిక అనుకుంటే చాలు. ఆయాసం ఉండి ఆ మాట ఉంటే మాత్రం డాక్టరు దగ్గర ఇంకో ప్రశ్న అడగాలి: కర్ణిక పెరిగిందా?

నన్నడిగితే పంపింగ్ అంకె పక్కన ప్రతి ఒక్కరూ కనుక్కోవలసిన రెండో అంకె కర్ణికదే. షుగరుకు మూడు నెలల పరీక్ష ఎట్లాగో, నిండే ఒత్తిడికి ఎడమ కర్ణిక అట్లాగ. ఒక్కరోజు ఒత్తిడికి అది సాగదు. ఏళ్ల తరబడి వెనక్కి తన్నిన ఒత్తిడే దాన్ని సాగదీస్తుంది. ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకు 34 మిల్లీలీటర్లు దాటితే పెరిగిందని లెక్క.

ఎకో కిటికీ అందరికీ ఒకేలా తెరుచుకోదు. లావుపాటివాళ్లలో, ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లలో, పక్కటెముకల సందు ఇరుకైనవాళ్లలో బొమ్మ మసకబారుతుంది. ఇంకో చిక్కు, గోడ మందంగా ఉందని ఎకో చెబుతుంది గానీ అది బీపీతో పెరిగిన కండరమా, కండరం మధ్యలో చేరిన వేరే పదార్థమా అన్నది అన్నివేళలా తేల్చలేదు. మా పెద్దమ్మ విషయంలో డాక్టరు ఆగింది అక్కడే. గోడ మందం, కర్ణిక పెరిగింది, ఈసీజీలో గీతలు మాత్రం ఆ మందానికి తగినంత ఎత్తు లేవు. ‘గుండె ఎంఆర్‌ఐ తీద్దాం’ అన్నాడు.

పిన్నీసు, ముక్కుపుడక, తాయెత్తు

ఎంఆర్‌ఐ గది బయట ఒక పూట కూర్చుంటే మన ఆడవాళ్లు ఒంటి మీద ఎంత లోహం మోస్తారో తెలుస్తుంది. గాజులు, మెట్టెలు, నల్లపూసలు, జడపిన్నులు. పుస్తెలు తీయమంటే కొందరు కన్నీళ్లు పెట్టుకుంటారు. అందుకే బల్ల మీద పసుపుకొమ్ము కట్టిన దారాలు సిద్ధంగా పెట్టుకున్న ఒక నర్సమ్మను చూశాను. మా పెద్దమ్మ పుస్తెలతాడుకు బంగారంతో పాటు నాలుగు పిన్నీసులు వేలాడుతున్నాయి. బంగారాన్ని అయస్కాంతం లాగదు, పిన్నీసును మాత్రం తూటాలా లాగేస్తుంది. మొలలో రాగి తాయెత్తు ఉంది, దాని లోపల ఏం చుట్టి పెట్టారో కట్టినాయనకే తెలియాలి. అదీ తీయించారు. ముక్కుపుడక మాత్రం నలభై ఏళ్లుగా కదలలేదు. సబ్బునీళ్లు పోసి, నూనె రాసి, పావుగంట కుస్తీ పట్టి మర ఊడదీశారు. అంతకుముందే క్రియాటినిన్ పరీక్ష చూశారు. బొమ్మ స్పష్టంగా రావడానికి ఎక్కించే గాడోలినియం మందును కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు ఇచ్చేముందు ఆచితూచి ఆలోచించాలి.

ఆ అయస్కాంతం బలం 1.5 టెస్లా అంటే భూమి అయస్కాంత బలానికి సుమారు 30,000 రెట్లు. దాని లోపలి తీగచుట్టలు సున్నాకు 269 డిగ్రీల కింద, ద్రవ హీలియంలో మునిగి ఉంటాయి. ఆ బలంలో హైడ్రోజన్ కేంద్రకాలు 64 మెగాహెర్ట్‌జ్ దగ్గర పలుకుతాయి. గాదంకి రాడారు శ్రుతికి ఇరుగుపొరుగే. కేంద్రకాలు ఇట్లా పలుకుతాయని 1946లో బ్లాక్, పర్సెల్ విడివిడిగా కనుక్కున్నారు. ఆ పలుకుల్లోంచి బొమ్మ గీయొచ్చని 1973లో లాటర్‌బర్ చూపించాడు. మాన్స్‌ఫీల్డ్‌తో కలిసి ఆయనకు నోబెల్ రావడానికి 2003 దాకా పట్టింది.

రక్తం వేగాన్ని అది ఎట్లా కొలుస్తుందో చెప్పడానికి బ్రహ్మోత్సవాల కోలాటం గుర్తు చేసుకోండి. అందరూ ఒకే తాళానికి కోలలు వేస్తున్నారు. మాడవీధికి ఒక కొసన తాళం కాస్త జోరుగా, ఇంకో కొసన కాస్త నిదానంగా పడేట్టు కాసేపు మార్చి, వెంటనే అంతే సేపు తిరగేశారనుకోండి. నిలుచున్న చోటనే ఉన్నవాళ్ల లెక్క సరిపోతుంది. ఆ మధ్యలో నడిచి చోటు మారినవాళ్లు మాత్రం తాళం తప్పుతారు. ఎంత తప్పారో చూస్తే ఎంత దూరం నడిచారో తెలిసిపోతుంది. మిట్రల్ కవాటం గుండా దూకే రక్తం తాళం తప్పడాన్ని కొలిచి, ఎకోలో కనిపించిన ఆ రెండు అలల్నే ఎంఆర్‌ఐ కూడా గీస్తుంది.

లోపల పరిస్థితి వేరే. రొమ్ము మీద ఈసీజీ అంటుకులు, పైన పలకలాంటి చుట్ట, చెవులకు మూతలు. పక్కన ఎవరో పలకలు, తప్పెట్లు శ్రుతి లేకుండా కొడుతున్నట్టు మోత. ముప్పావు గంట నుంచి గంట. ‘ఊపిరి తీసుకోండి, వదలండి, ఇప్పుడు ఆపండి’ అని చెవిలో ఒక గొంతు పదేపదే చెబుతుంటుంది. ఒక్కోసారి పది పదిహేను సెకన్లు ఆపాలి. అట్లా పదుల సార్లు. దమ్ము చాలక వచ్చిన మనిషిని దమ్ము బిగబట్టమనడం కంటే విడ్డూరం ఉందా? ఆపలేనివాళ్లకు, గుండె లయ తప్పినవాళ్లకు వేరే పద్ధతులున్నాయి, బొమ్మ నాణ్యత కొంత తగ్గుతుంది. ఎందుకంటే కళ్లముందు ఆడే ఒక్క గుండె దెబ్బ సినిమా నిజానికి చాలా దెబ్బల ముక్కల్ని ఈసీజీ తాళానికి అతికించి కుట్టింది. లయ తప్పితే కుట్టు తప్పుతుంది.

ఎందుకు నిండట్లేదు?

ఇక్కడ నా అభిప్రాయం దాచుకోను. గుండె నిండుతోందా లేదా అన్న ఒక్క ప్రశ్నకే అయితే ఎంఆర్‌ఐకి పరుగెత్తడం దండగ. క్షణక్షణానికి కదిలే కవాటం వేగాన్ని పట్టడంలో ఎకో డాప్లరుదే పైచేయి. ఇక నిండే ఒత్తిడి నేరుగా ఎంతో చెప్పాలంటే గుండెలోకి గొట్టం పంపి కొలవాల్సిందే, అయస్కాంతం ఒత్తిడిని చూడలేదు. ఎంఆర్‌ఐ నెగ్గేది ఆ తర్వాతి ప్రశ్న దగ్గర: ఎందుకు నిండట్లేదు?

గాడోలినియం ఎక్కించి పది నిమిషాలాగి చూస్తే మచ్చపడిన కండరం తెల్లగా వెలుగుతుంది. ఆ తెలుపు ఎక్కడుందన్నదే జాతకం. లోపలి పొర నుంచి మొదలై ఒక రక్తనాళపు పరిధిలోనే ఉంటే పాత గుండెపోటు. లోపలి పొర చుట్టూ ఉంగరంలా, లేదా గుండె మొత్తం మసక తెలుపైతే అమైలాయిడ్ అనే ప్రొటీను కండరం సందుల్లో పేరుకుందేమోనని అనుమానం. మచ్చ విడిగా కనిపించకుండా గుండె అంతటా సన్నగా అల్లుకున్న నారను కూడా టీ1 మ్యాపింగ్ అనే ఎంఆర్‌ఐ పద్ధతి పట్టిస్తుంది. కండర కణాల మధ్య ఖాళీ మామూలుగా 25 నుంచి 30 శాతం ఉంటుంది. నార పెరిగితే అది పెరుగుతుంది, అమైలాయిడ్‌లో బాగా పెరుగుతుంది. ముక్క కోసి చూడకుండానే ఇంత చెబుతుంది. అమైలాయిడ్ ముందే దొరికితే ఇప్పుడు దానికంటూ మందులున్నాయి.

మన దేశానికి ప్రత్యేకంగా చెప్పుకోవలసినది ఇంకొకటి, క్షయ. ఊపిరితిత్తులదే కాదు, గుండె చుట్టూ ఉండే పొరకూ క్షయ పడుతుంది. మానిన తర్వాత ఆ పొర బిగిసి, కొందరిలో సున్నం పట్టి, గుండెకు ఇనుప చొక్కా తొడిగినట్టవుతుంది. కండరంలో ఏ లోపమూ ఉండదు, విప్పారడానికి చోటే ఉండదు. పొట్టలో నీరు చేరుతుంది, కాళ్లు వాస్తాయి. కాలేయ జబ్బనుకుని నెలల తరబడి ఆ వైద్యం చేయించుకునేవాళ్లుంటారు. స్కాన్‌లో ఊపిరి గట్టిగా పీల్చమని చూస్తే రెండు జఠరికల మధ్య గోడ ఉన్నట్టుండి ఎడమవైపుకు ఒరుగుతుంది. గట్టి చొక్కా లోపల కుడివైపు నిండాలంటే ఎడమవైపు చోటు లాక్కోవాలి మరి. ఈ ఒరుగుడు, మందమైన పొర, పొరకు అతుక్కున్న కండరం కనబడితే జబ్బు పట్టుబడినట్టే. సర్జన్లు ఆ చొక్కా ఒలిచేస్తే చాలామంది మళ్లీ పొలం పనికి పోగలుగుతారు. నిండని గుండెల్లో కత్తికి లొంగే రకం ఇది.

మూడు దిక్కుల ఆసుపత్రులు

ఈ సీమలో గుండె పట్టుకున్నవాళ్లకు పాతకాలం నుంచి దారి వెల్లూరే. చిత్తూరు నుంచి గంట ప్రయాణం. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రం చిత్తూరే, వెల్లూరు ఆ జిల్లాలోదే. గీత గీశాక రాష్ట్రాలు మారాయి గానీ జబ్బు చేస్తే పోయే బస్సు మారలేదు. 1900లో ఐడా స్కడర్ మొదలుపెట్టిన ఆ ఆసుపత్రిలో 1959లోనే గుండె తెరిచి ఆపరేషన్ చేశారు. ఇక్కడివాళ్లకు అక్కడి అరవం అర్థమవుతుంది, అక్కడివాళ్లకు మన తెలుగు అర్థమవుతుంది.

తిరుపతిలో 1960లో వైద్య కళాశాల, ఆ వెంటనే రుయా ఆసుపత్రి వచ్చాయి. దేవస్థానం ఆధ్వర్యంలో 1993లో తలుపులు తెరిచిన స్విమ్స్ ఆసుపత్రి, 1995లో విశ్వవిద్యాలయమైంది. పిల్లల గుండెల కోసం పద్మావతి హృదయాలయం 2021 అక్టోబరులో మొదలైంది. ఇక అరగొండ నుంచి పోయి గుండె డాక్టరైన ప్రతాప్ సి. రెడ్డి 1983లో మద్రాసులో అపోలో తెరిచిన కథ జిల్లాలో చిన్నపిల్లలకూ తెలుసు. ఆపరేషన్‌కు అమెరికా పోయే డబ్బు లేక తన రోగి ఒకరు చనిపోవడం తనను కదిలించిందని ఆయన ఎన్నోసార్లు చెప్పారు.

అంటే గుండె వైద్యానికి మనం కరువు సీమ కాం. కానీ ఎంఆర్‌ఐ యంత్రం ఉన్న ప్రతిచోటా గుండె ఎంఆర్‌ఐ జరగదు. మెదడుకూ వెన్నుకూ పొద్దుటి నుంచి వరస కట్టిన జనం బయట కూర్చుంటారు. ఒక్క గుండెకు పట్టే గంటలో వాళ్లలో ఇద్దరు ముగ్గురి పని అయిపోతుంది. తీసిన బొమ్మను చదవడానికి ప్రత్యేకంగా నేర్చుకున్నవాళ్లు కావాలి. యంత్రం కొనడం కంటే అట్లాంటి చదువరిని తయారు చేయడానికే ఎక్కువ కాలం పడుతుంది. ఖర్చు సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఊరిమిండి రాజీ

మా పెద్దమ్మ బొమ్మల్లో తెల్లటి ఉంగరం లేదు, అమైలాయిడ్ లేదు, పొర బిగింపు లేదు. గోడ మందం ఉంది, కర్ణిక సాగి ఉంది. ఏళ్లనాటి బీపీ. అప్పుడు గానీ బయటపడలేదు, ఐదేళ్ల కిందట ఇచ్చిన బీపీ మాత్రను ‘తల తిరగడం లేదు కదా’ అని ఆర్నెల్లకే ఆపేసిందని. డాక్టరు కోప్పడలేదు. ఆ మాట రోజూ ఎంతమంది దగ్గర విని ఉంటాడో.

బిగిసిన కండరాన్ని మళ్లీ మెత్తబరిచే మందు ఇప్పటికీ లేదు. ఒంట్లో నీరు తగ్గించే మాత్ర, బీపీ మాత్ర, వాటితో పాటు షుగరు మాత్ర ఒకటి రాశారు. ‘నాకు షుగరు లేదే’ అని ఆమె గొడవ. ఎంపాగ్లిఫ్లోజిన్ అనే ఆ రకం మందు షుగరు లేనివాళ్లలో కూడా, పంపింగ్ బాగుండి ఆయాసపడే గుండెలకు పనికొస్తుందని, ఆసుపత్రి పాలయ్యే అవసరం తగ్గుతుందని 2021లో పెద్ద పరీక్షలో తేలింది. అంతకుముందు ఈ రకం గుండెల మీద ప్రయోగించిన మందులు ఒకదాని వెంట ఒకటి చప్పబడ్డాయి. ఇది నిలబడింది.

మందులతో పేచీ లేదు గానీ ఉప్పుతోనే యుద్ధం. సంగటిలోకి ఊరిమిండి లేకపోతే ముద్ద దిగదు. రోజుకు మొత్తం ఉప్పు ఐదు గ్రాములకు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుందని చదివి వినిపిస్తే, ‘వాళ్లు సంగటి తిన్నారా?’ అంది. చివరికి పచ్చడి వారానికి రెండు పూటలకు, ఉప్పుచేప పండక్కి అని ఒప్పందం కుదిరింది. ఆమె మాట మీద ఎంత నిలబడుతుందో మా వదినకే తెలుసు.

ఆసుపత్రి నుంచి వచ్చి ఐదో రోజు ముక్కుపుడక పెట్టుకోబోతే దూరలేదు. రంధ్రం కొంచెం పూడింది. పాకాలలో కంసాలి దగ్గరికి పోయి మళ్లీ కుట్టించుకుంది. స్కాన్ ఎట్లుండె అని ఊళ్లో ఎవరడిగినా గుండె మాట ఎత్తదు, ముక్కు నొప్పి కథే చెబుతుంది.

మొన్న పెరటాసిలో బస్సులో కొండకు పోయాం. పైకి పోయేటప్పుడు కిటికీ వైపే చూడలేదు, అలిగినట్టు కూర్చుంది. దర్శనమయ్యాక దిగే ఘాట్ రోడ్డులో మోకాళ్ల మెట్ల దగ్గరికి వచ్చేసరికి కిటికీలోంచి తల బయటపెట్టింది. జనం వంగి, మెట్టుమెట్టుకూ పసుపు కుంకుమలు పెడుతూ ఎక్కుతున్నారు.

“రేయ్ అబ్బోడా, ఇక్కడ ఒక నిమిషం ఆపమని చెప్పు” అంది.

డ్రైవరు ఆపలేదు. మలుపు తిరిగే దాకా ఆమె అట్లాగే వెనక్కి చూస్తూ ఉంది.